తాళమునకు కర్త యెవ్వడు?

యంత్రము వాయించు తాళమునకు కర్త యెవ్వడను ప్రశ్న పైకి వినోదముగా దోచును గాని, భజనమందిరములలో మృదంగము వాయించువాడు దొరకనపుడు సింథసైజరులో ముందుగా నమర్చిన రిథము పెట్టుకొని కీర్తనలు పాడుకొనుట వాడుకలోనికి వచ్చిన తరువాత, అట్టి తాళముతో సాగిన భజన భజనయే యగునా, ఆ తాళసేవ యెవ్వరి పుణ్యమున జమపడును, అను శంక శ్రద్ధాళువులైన పెద్దలకు నిజముగనే కలుగుచున్నది. మీట నొక్కినవాడే కర్త యని యొకరందురు. ప్యాటర్నును కూర్చిన కంపెనీవాడు కర్త యని మఱియొకరందురు. కర్త లేని క్రియ గనుక నది పూజకు పనికిరాదని యింకొకరు త్రోసివేయుదురు. ఈ ముగ్గురిలో నొక్కరును, ఆ యంత్రమునకు ఆజ్ఞ యెచ్చటనుండి వచ్చుచున్నదో, కాలము నెవ్వరు లెక్కపెట్టుచున్నారో, నాదమెచ్చట పుట్టుచున్నదో విచారించి మాటాడువారు కారు. కర్తృత్వమును గూర్చి మన దర్శనకారులు చేసిన విచారము మిక్కిలి సూక్ష్మమైనది. దానికి తగిన దృష్టాంతము సింథసైజరును రికార్డింగ్ సాఫ్ట్‌వేరుతో గలిపి తాళములు పలికించు పద్ధతిలో దొరకినంత చక్కగా వేఱొకచోట దొరకుట యరుదని నా యభిప్రాయము.

ఆ రెండింటిని గలుపు తీగకు మిడి తీగ యని వ్యవహారము. 1983వ సంవత్సరము జనవరి మాసమున, అమెరికాదేశమునందలి అనహైమ్ పట్టణములో జరిగిన నామ్ వాద్యప్రదర్శనమందు, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600 అను వాద్యమును, జపాను దేశపు రోలాండ్ వారి జూపిటర్-6 అను వాద్యమును నొక తీగతో గలిపి, ఒకదాని మెట్లు నొక్కగా రెండవది పలుకునట్లు చేసి చూపిరి. అంతవఱకు ఒక కంపెనీ వాద్యము భాష మఱియొక కంపెనీ వాద్యమునకు దెలియకుండెడిది. పోటీ వర్తకులిరువురు ఒక్క భాషకు నొడంబడుట వర్తకచరిత్రలో తఱచుగ జరుగు సంగతి గాదు. దీనికి మూలపురుషులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహషి యను నిరువురకును 2013లో సాంకేతిక విభాగపు గ్రామీ పురస్కారము లభించినది.

ఈ తీగను గూర్చి మొదట దెలిసికొనవలసిన దేమన, దీనిలో నాదము ప్రవహింపదు. ప్రవహించునది ఆజ్ఞ మాత్రమే. అదియును మూడు సంఖ్యలు. ఏ ఛానెలువాడు ఏమి చేయవలెనో మొదటి సంఖ్య చెప్పును. ఏ స్వరమో రెండవది చెప్పును. ఎంత బలముతో కొట్టవలెనో మూడవది చెప్పును. 1991లో నేర్పడిన జనరల్ మిడి యను కట్టుబాటు ననుసరించి పదవ ఛానెలు తాళవాద్యములది. అందు 36వ సంఖ్య బేస్ డ్రమ్మునకు, 38వది స్నేరుకు, 42వది మూసిన హై-హ్యాటుకు చెందును. కంప్యూటరు తెఱమీద గళ్ల కాగితమువంటి పట్టికలో 36వ గీత మీద నొక చుక్క పెట్టి నడిపించినచో, ఆ చుక్క వంతు వచ్చినంతనే మూడు సంఖ్యలు తీగ వెంట బోవును. సింథసైజరు తన గర్భమునందలి విద్యున్మార్గములను గదలించి 'ధుం' అని పలుకును. ఆ పలుకు వేఱొక తీగ వెంట ఆడియో ఇంటర్‌ఫేస్ అను పెట్టెలోనికి వచ్చి సాఫ్ట్‌వేరులో లిఖితమగును. పోవునది సంఖ్య, వచ్చునది నాదము. పోయిన త్రోవన నది తిరిగి రాదు. క్రొత్తగా నేర్చుకొనువారు మిడి తీగ యొక్కటి తగిలించి, ట్రాకులో శబ్దమేల రాదని విసుగు చెందుట తఱచుగ జరుగుచుండుటకు ఈ భేదము దెలియకపోవుటయే కారణము.

ఆ తీగ వడి సెకనునకు 31,250 బిట్లు. ఒక్కొక్క ఆజ్ఞ దాటిపోవుటకు సుమారొక మిల్లీసెకను పట్టును గనుక, బేస్ డ్రమ్ము, స్నేరు, హై-హ్యాటు మూడును ఒక్కటే క్షణమున మ్రోగవలెనని మనము వ్రాసినను, అవి వరుసగా నొకదాని వెనుక నొకటి పోవలసినదే. మనస్సు అణువు గనుక రెండు జ్ఞానము లొక్కమాఱు పుట్టవని గౌతముని న్యాయము. మన చెవికి ఏకకాలమని తోచినది నిజమునకు క్రమమే యని యీ యంత్రమును ఒప్పుకొనుచున్నది.

ఈ తీగ కొసయందు మఱియొక విచిత్రము గలదు. ఐదు కాళ్ల ఆ కనెక్టరులో మూడు మాత్రమే పని చేయును. వానిలో రెండింటిగుండ వచ్చిన విద్యుత్తు వాద్యపు ద్వారమువఱకు వచ్చి యచ్చటనే యాగిపోవును. అచ్చట నొక చిన్న దీపము, దానికెదురుగ వెలుగును గుర్తించు నొక గ్రాహకము, రెండును నొక నల్లని బిళ్లలో మూయబడి యుండును. వచ్చిన విద్యుత్తు దీపమును వెలిగించి యార్పుచుండును. గ్రాహకము ఆ వెలుగును జూచి లోపలి వాద్యమునకు సంగతి దెలుపును. కంప్యూటరు విద్యుత్తు వాద్యపు విద్యుత్తును తాకనే తాకదు. ఆజ్ఞాపించునది, ఆజ్ఞను గైకొనునది, రెండును సంపర్కము లేకయే సంబంధమును పొందియున్నవి. పురుషుడు అసంగుడైయుండియు సన్నిధిమాత్రమున ప్రకృతిని ప్రవర్తింపజేయునని సాంఖ్యులు చెప్పగా, తాకకుండ గదలించుట యెట్లని పూర్వపక్షులు వేయేండ్లు తగవులాడిరి. వారికి నీ నల్లని బిళ్లను జూపియుండిన తగవు కొంత తగ్గియుండెడిదేమో! నేటి వాద్యములు పెక్కింటికి యూఎస్‌బీ తీగయే వచ్చుచున్నది. దానిలో నీ యేర్పాటు సాధారణముగ నుండదు. అందుచేతనే, కంప్యూటరును వాద్యమును యూఎస్‌బీతో గలిపి, ఆడియో తీగను గూడ నదే కంప్యూటరు వైపునకు దెచ్చినపుడు, ఎవ్వరును వాయింపకున్నను స్పీకరులో 'ఝుం' అను నొక రొద వినవచ్చుట కద్దు. అసంగత్వము పోయినచోట మాలిన్యము చేరుట యిక్కడ చెవికి వినబడునంత ప్రత్యక్షము.

ఇక కాలము సంగతి. రెండు యంత్రములు కలసి తాళము వేయవలెనన్న నొకటి కాలమును చెప్పవలెను, రెండవది వినవలెను. చెప్పు యంత్రము ఒక్కొక్క బీటునకు 24 టిక్కులు తీగమీద విడుచును. నిమిషమునకు 120 బీట్ల వేగమున సెకనుకు 48 టిక్కులు, ఒక్కొక్క టిక్కు నడుమ సుమారు 20.8 మిల్లీసెకనుల వ్యవధి. ఈ టిక్కు ఒకే సంఖ్య. దానికి విలాసము లేదు, ఛానెలు లేదు, ఏ స్వరమును బలుకుమని చెప్పదు, ఎంత వేగమో గూడ చెప్పదు. వేగమన్నది రెండు టిక్కుల నడిమి యెడమును బట్టి వినెడి యంత్రము తనంత తానూహించుకొనవలసినది. యోగసూత్రముల భాష్యమందు వ్యాసుడు, క్షణము మాత్రమే వాస్తవమనియు, క్షణముల వరుస యొకచోట కూడియుండుట యెన్నడును సంభవింపదు గనుక ముహూర్తము, అహోరాత్రము మొదలైనవి బుద్ధి కల్పించుకొన్న సమాహారములనియు చెప్పినది దీనికి తు. చ. తప్పక సరిపోవును. తీగమీద నెచ్చట వెదకినను 120 అను సంఖ్య దొరకదు. దొరకునది విడివిడి క్షణములే.

మఱియొక నియమము గలదు. నాకిది యన్నిటికంటె గంభీరముగ దోచును. స్వరమును గూర్చిన ఆజ్ఞ మూడు సంఖ్యలని చెప్పితిని గదా. ఒకటి పోయి రెండవది పోవలసియుండగా టిక్కుకు వేళయైనచో, ఆ టిక్కు ఆజ్ఞ నడుమనే దూరి ముందుగ బోవును. వాక్యము పూర్తియగుదాక కాలము నిలువదు, పూర్తికాని వాక్యమును జెఱుపను జెఱుపదు. ఆరంభింపుమను ఆజ్ఞకు గూడ కాలముపై నధికారము లేదు: స్టార్టు అను సంజ్ఞ వచ్చిన వెంటనే వాద్యము మ్రోగదు, ఆ సంజ్ఞ వెనుక వచ్చు టిక్కునకై వేచియుండి దానితో మొదటి దెబ్బ వేయును.

భర్తృహరి వాక్యపదీయములోని కాలసముద్దేశమున, ఈ లోకయంత్రమునకు కాలము సూత్రధారి యని చెప్పి, ఆ కాలమునకు రెండు వ్యాపారముల నిరూపించెను: కొన్నిటిని ఆపియుంచుట, కొన్నిటికి అనుజ్ఞ యిచ్చుట. సింథసైజరులోని పదునాఱు గళ్ల ప్యాటర్నును జూడుడు. పదునాఱు దెబ్బలును జ్ఞాపకమందు ముందే యున్నవి. ఏదియు క్రొత్తగా పుట్టుట లేదు. ఆఱు టిక్కులు గడచినపు డొక గడికి అనుజ్ఞ, తక్కిన పదునైదింటికి ప్రతిబంధము. మఱి యాఱు టిక్కులకు మఱియొక గడి. ఉన్నదంతయు నొక్కమాఱే మ్రోగినచో నది రణగొణ. కాలము ఆపుటచేతనే అది తాళమైనది.

ఇట్లు కాలమును చెప్పి యూరకుండుట కలుపుటలో నొక పద్ధతి. ఒకే టిక్కు రోలాండ్ టీఆర్-909 అను తాళయంత్రమునకును, ఒక బేస్ సింథసైజరునకును వినబడినదనుకొనుడు. మొదటిది తన ప్యాటర్నులో నున్నట్లు డ్రమ్ము కొట్టును, రెండవది తన ప్యాటర్నులో నున్నట్లు మంద్రస్వరములు పలుకును. ఈ వైషమ్యము టిక్కుది కాదు. ఈశ్వరుడు లోకమును సృజించినచో ఒకనిని సుఖిగను నొకనిని దుఃఖిగను చేసిన పక్షపాతదోషము వానికి రాదా యను శంకకు బ్రహ్మసూత్రభాష్యమున శంకరభగవత్పాదులు చెప్పిన సమాధానమిదియే: వాన వరికిని యవలకును సమానకారణము, వరి వరిగ, యవలు యవలుగ మొలచుటకు ఆయా బీజముల శక్తి యసాధారణకారణము. 'దేవుడు నాకు తాళము తప్పించెను' అని వగచువాడు తన ప్యాటర్నులో నేమి నింపుకొన్నాడో ముందు చూచుకొనవలెను.

కాని యీ కాలకర్త యొక్కడే యుండవలెను. రెండు యంత్రములకును 120 అని సమానముగ నమర్చి, తీగ కలుపక, ఒక్కమాఱు మీటలు నొక్కినను అవి కలసి నడవవు. లోపలి స్ఫటికముల నడుమ పది లక్షలలో ఏబది వంతుల భేదమున్నను పది నిమిషములలో 30 మిల్లీసెకనుల యెడము వచ్చును, అనగా రెండు డ్రమ్ములు ఒకదాని మడమను రెండవది తొక్కుచున్నట్లు వినబడును. తీగ కలిపియు రెండింటిని స్వతంత్రకాలముననే నడిపించుట యింతకంటె తెలివితక్కువ. ఈ విషయమున కాలము ఒకటే, నిత్యము, విభువు, భేదములు ఉపాధికృతములు, అను వైశేషికుల మాట స్టూడియోలో పనిచేయువానికి చర్చనీయాంశము గాదు, అనుభవము. ఈ యనుభవము మిడి పుట్టకముందటిదే: 1982లో, బొంబాయి సినిమా వాద్యబృందములలో పేరుపొందిన చరణ్‌జీత్ సింగ్ టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 అను మూడు రోలాండ్ యంత్రములతో పది రాగములను డిస్కో తాళమునకు గూర్చి గ్రామఫోను రికార్డు చేసెను. భైరవివంటి రాగము నడచుచున్నను అడుగున తాళము చలింపదు. నాడది యెక్కువమంది చెవిని పడలేదు. చాల యేండ్ల తరువాత పాశ్చాత్యులు దానిని విని నివ్వెఱపోయిరి.

రెండవ పద్ధతిలో సాఫ్ట్‌వేరు కాలమును మాత్రమే గాక ప్రతి దెబ్బను గూడ తానే యాజ్ఞాపించును. సింథసైజరునందు సొంత ప్యాటర్ను నడవదు. జీవుని కర్తృత్వము సత్యమే గాని పరాధీనమనెడి మధ్వమతమున కిది దగ్గఱ. అట్లయినను వాద్యము వట్టి కీలుబొమ్మ గాదు. 36వ సంఖ్య పోయిన తాళయంత్రములలో సాధారణముగ బేస్ డ్రమ్మే మ్రోగునుగాని, 909 యొక్క డ్రమ్ము గుండెను తాకునట్టిది, మఱియొక యంత్రపు డ్రమ్ము అట్టపెట్టెను తట్టినట్టిది. ఆజ్ఞ స్వభావమును మార్పజాలదు. ప్రతి జీవునకు అనాదియైన స్వరూపయోగ్యత కలదని, భగవంతుడు దానిని వెలికి తెచ్చునేకాని మార్పడని ద్వైతులు చెప్పునది యిందుకు విరుద్ధము గాదు.

ఈ పద్ధతిలో నొక చిక్కు తప్పక వచ్చును. సింథసైజరు మెట్టు నొక్కితిమి. అది తనంత తాను పలికినది. అదే సమయమున నొక్కిన సంగతి కంప్యూటరునకు పోయినది. కంప్యూటరు ఆ ఆజ్ఞను తిరిగి యదే సింథసైజరునకు పంపినది. అది మఱల పలికినది. ఒక దెబ్బకు రెండు మ్రోతలు, నడుమ నించుక యెడము. దీని నివారణకు వాద్యములో 'లోకల్ కంట్రోల్' అను మీట గలదు. దాని నార్పినచో మెట్లకును కంఠమునకును లోపలి సంబంధము తెగిపోవును. మెట్టు నొక్కినను, ఆ సంగతి పైకి బోయి ఆజ్ఞయై తిరిగి వచ్చినగాని వాద్యము పలుకదు. తీగ తీసివేసి చూచినచో మెట్లన్నియు మూగవి. అహంకారత్యాగమును గూర్చిన ఉపన్యాసములు మనము వినినవి తక్కువ గావు. 'నేను చేసితిని', 'ఆయన చేయించెను' అను రెండు మాటలను నొకే నోట పలుకువాని బ్రదుకులో వచ్చు ద్విరుక్తిని ఇంత స్పష్టముగ వినిపించినవి నాకు తటస్థపడలేదు.

ప్రసంగవశమున మన తాళములవారికొక మాట. ఆ 24 అను సంఖ్య పాశ్చాత్యుల యవసరమునకు పుట్టినది. దానిని మూటను నాల్గింటను భాగింపవచ్చును. కావున తిస్రగతి, చతురస్రగతి హాయిగ నమరును. ఖండగతికి ఐదు, మిశ్రగతికి ఏడు, సంకీర్ణగతికి తొమ్మిది; ఇవి మూడును 24ను శేషము లేక భాగింపవు. కావున ఒక బీటులో నైదు దెబ్బలు వేయవలసివచ్చినపుడు మొదటి దెబ్బకు మాత్రమే టిక్కు తోడుండును, తక్కిన నాల్గును రెండు టిక్కుల నడుమ నిర్జనప్రదేశమున బడును; వానిని యంత్రము తన లోపలి సూక్ష్మగణనచేత పూరించుకొనవలెను. బీటునకు 960 భాగములుగ లెక్కించు సాఫ్ట్‌వేరులందు ఐదు సరిపోవును గాని ఏడును తొమ్మిదియు నప్పటికిని మిగిలిపోవును. ఆ లోపము అరమిల్లీసెకనైన నుండదు గనుక చెవికి పట్టదు. ఐదు గతులలో మూడింటికి ఈ యేర్పాటున సహజస్థానము లేదనుట మాత్రము గుర్తుంచుకొనదగినది. కొలమానము కాలము గాదు.

మనుష్యుడు చేతితో వాయించి రికార్డు చేయుట యింకొక త్రోవ. అతని ప్రయత్నము ముందు. సాఫ్ట్‌వేరు దానిని గైకొని, క్వాంటైజు అను సంస్కారముచేత దగ్గఱి గీత మీదికి జరిపి, అటుపిమ్మట నెన్నిమాఱులైనను తిరిగి పలికించును. జీవుడు చేసిన తొలి ప్రయత్నము నపేక్షించి పరమాత్మ అనుమతి నొసగి ప్రవర్తింపజేయునని శ్రీభాష్యకారుల సిద్ధాంతము గదా! అయితే నూటికి నూఱుపాళ్లు క్వాంటైజు చేయుట నాకిష్టము లేదు. వాయించువాని చేయి సమమునకు ఇసుమంత ముందో వెనుకో పడుటలోనే యాతని లయజ్ఞానము దాగియుండును. అది లోపము గాదు, శీలము. సాఫ్ట్‌వేరులో సగపాలు మాత్రమే జరుపుటకును వీలు గలదు. అనుమతి యిచ్చువాడు అణచివేయువాడు గాకూడదు.

దృష్టాంతమును వివక్షితాంశమునందే గ్రహింపవలెను. సింథసైజరునకు చైతన్యము లేదు. అది తాళము తప్పినను సిగ్గుపడదు, సరిగ వాయించినను సంతోషింపదు. భోక్తృత్వము లేనిచోట కర్తృత్వమును మోపుట వృథా. గీత పదునెనిమిదవ యధ్యాయమున ఏ కర్మకైనను అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము అని యైదు హేతువులు చెప్పబడినవి. తీగ, యంత్రము, సాఫ్ట్‌వేరు మూడును కరణములలో చేరును; వాని కదలికలు చేష్టలలో చేరును; విద్యుత్తు పోకుండుట దైవము పద్దున వ్రాయదగినదని మన యూళ్లవారి కెవ్వరికిని జెప్ప నక్కఱలేదు. కర్త యను గడి మాత్రము ఖాళీగ నుండును. దానిని నింపవలసినవాడు మనుష్యుడు.

ఎట్లు నింపవలెను? ఈ విషయమున వేదాంతులకంటె మీమాంసకులు తిన్నని తీర్పు చెప్పిరి. యజ్ఞమున ఆహుతులు వేయువారు, మంత్రములు చదువువారు ఋత్విక్కులు, వారు దక్షిణచేత కుదుర్చుకొనబడినవారు, ఫలము యజమానునిది. అన్ని పనులను నతడే చేయవలెనని లేదు. తక్కినవానిని ఋత్విక్కులచేత చేయింపవచ్చును. ద్రవ్యత్యాగము మాత్రము అతడే చేయవలెను. దానికి బదులుమనుష్యుడు పనికిరాడు. దీనిని బట్టి చూచినచో భజనలో యంత్రతాళమున కభ్యంతరము లేదు. అది దక్షిణ యడుగని ఋత్విక్కు. కచేరీలలో ఎలక్ట్రానిక్ తంబురను ఒప్పుకొన్నవారు దీని నాక్షేపించుటకు న్యాయము గానరాదు. కాని యజమానుడు లేని యజ్ఞము యజ్ఞము గాదు. కొన్ని దేవాలయములలో హారతివేళ మోటారుతో నడచు నగారాయు గంటయు మ్రోగుచుండును. అర్చకుడు తప్ప గర్భగుడి ముందు నరమానవుడుండడు. స్విచ్చి వేసినవాడు వంటశాలకు బోయియుండును. ఆ మ్రోత దోషము గాదు, సేవయు గాదు, వట్టి శబ్దము. కావున ధర్మకర్తలకు నా విన్నపము: యంత్రమును తీసివేయ నక్కఱలేదు, స్విచ్చి వేయువాడెవ్వడో యేర్పఱచి, హారతి ముగియువఱకు వానిని చేతులు మోడ్చి యచ్చటనే నిలువుమని యాజ్ఞాపింపుడు.